ఆటలో అరటిపండు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి జ్ఞాపకాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు చెప్పారు. మాట్లాడతాను. కాకపోతే చిన్న పేచీ కూడా ఒకటి పెట్టుకుని వచ్చాను. అది ముందే చెప్పేస్తే మంచిది.

స్వర్ణోత్సవం సందర్భంగా పదేళ్లలోపు పిల్లలకు ఫుట్‌బాల్ పోటీ పెట్టాలని మన కమిటీ నిర్ణయించింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ, రామంతాపూర్ బడుల నుంచి 16 జట్లు. నాకౌట్ పద్ధతి. గెలిచిన జట్టుకు పాతిక వేలు, దాంతోపాటు ఆ పిల్లలకంటే ఎత్తయిన కప్పు. ఉప్పల్ స్టేడియంలో 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ ఆడుతున్నారు. దాని లైట్ల వెలుగు పడేంత దూరంలో ఉండి మనవాళ్లు ఫుట్‌బాల్ గురించి ఆలోచించారంటే నాకు చాలా సంతోషమైంది. చందా కూడా ఇచ్చాను. పోటీ పెట్టండి. ఆ పద్ధతి మాత్రం మార్చండి. ఎందుకో చెబుతాను.

మన చిన్నప్పుడు సాయంత్రం సందులో ఆడుకుంటుంటే ఏడుస్తూ ఓ బుడ్డోడు వచ్చేవాడు. వాళ్లమ్మ గుమ్మంలోంచి “వాణ్ని కూడా ఆడించండ్రా” అని కేకేసేది. సరే రా, నువ్వు ఆటలో అరటిపండు అనేవాళ్లం. వాడు పరిగెడతాడు, అరుస్తాడు, చెమటలు కక్కుతాడు. వాడు ఔటైనా లెక్కలేదు, పాయింటు కొట్టినా లెక్కలేదు. మా ఇంట్లో ఆ అరటిపండు మా తమ్ముడు. ఓ రోజు రాత్రి అన్నం తింటూ అడిగాడు: “అన్నా, నేను ఔటైతే ఎవరూ ఎందుకు అరవరు?” అప్పుడు నాకు పదకొండేళ్లు. జవాబు తోచలేదు. నీళ్లు తాగి లేచిపోయాను.

రెండేళ్లకు నేనే అరటిపండునయ్యాను. తొమ్మిదో తరగతిలో మన బడి ఫుట్‌బాల్ జట్టులో నా పేరుంది. నోటీసు బోర్డు మీద ఉంది, ప్రార్థనలో చదివారు, మా అమ్మ పక్కింటివాళ్లకు చెప్పుకుంది. ఆ ఏడాది ఆడిన అన్ని మ్యాచ్‌లకూ నేను వెళ్లాను. అందరి సంచులూ చూసుకున్నాను, నిమ్మకాయలు కోశాను, జట్టు ఫోటోలో చివర నిలబడ్డాను. బంతిని కాలితో తన్నింది లేదు. ఎవరిదో తప్పని చెప్పడం లేదు, అప్పట్లో అన్ని చోట్లా అంతే. పైగా నా ఆట కూడా అంతంతమాత్రమే. ఆడకపోతే అంతకంటే బాగా ఎలా వస్తుందన్నది వేరే ప్రశ్న.

ఇదంతా తెలిసినవాణ్ని నేను ఇంకో పిల్లవాడికి సరిగ్గా అదే చేశాను. ఈ వేదిక మీద అది చెప్పడం అంత తేలిక కాదు.

మీలో కొందరికి తెలుసు, నాచారం పారిశ్రామికవాడలో పంపుల కంపెనీలో నా ఉద్యోగం. ఆదివారాలు పొద్దున చుట్టుపక్కల కాలనీల పిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తుంటాను. 2018లో మా పదేళ్లలోపు జట్టును ఒక టోర్నమెంటుకు తీసుకెళ్లాను. మైదానంలో ఏడుగురు ఆడాలి, మొత్తం పన్నెండు మంది పేర్లిచ్చాం. మూడు మ్యాచ్‌లు ఆడాం, మూడో స్థానం వచ్చింది. ఫోటో దిగాం, వాట్సాప్‌లో పెట్టాం, అభినందనలు అందుకున్నాం.

ఆ తర్వాతి వారం నుంచి ఒక అబ్బాయి రావడం మానేశాడు. పరీక్షలేమో అనుకున్నాను. రెండు నెలలకు మల్లాపూర్ రోడ్డులో కూరగాయల బండి దగ్గర వాళ్లమ్మ కనిపించింది. ఆమె ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేస్తుంది. నేనే అడిగాను, బాబు రావట్లేదేమమ్మా అని. ఆమె నవ్వుతూనే చెప్పింది: “రానంటుండు సార్. ఎందుకురా అంటే, అక్కడ నాకు నీళ్ల సీసాలు పట్టుకునుడే పని అంటుండు.”

నాకు లెక్కలు రాసిపెట్టుకునే అలవాటుంది. ఉద్యోగం నేర్పిన జబ్బు అది. ఇంటికొచ్చి నోటుబుక్ తీశాను. మూడు మ్యాచ్‌లూ కలిపి 90 నిమిషాలు. ఆ పిల్లవాడు ఆడింది 7 నిమిషాలు. అదీ రెండో మ్యాచ్‌లో, మేం నాలుగు గోల్స్ ముందున్నప్పుడు, ఇక వాడు పాడుచేయడానికేమీ లేదని నాకు నమ్మకం కుదిరాక. ఫోన్‌లో ఫోటో చూశాను. వాడు చివర నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో సీసాలున్నాయి.

వాళ్లింటికి వెళ్లాను. మళ్లీ రమ్మన్నాను. వస్తానన్నాడు, రాలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఎదురుపడితే నమస్తే పెడతాడు. ఫుట్‌బాల్ మాట వాడూ ఎత్తడు, నేనూ ఎత్తను.

ఆ తర్వాతే నేను పిల్లల ఆట గురించి చదవడం మొదలుపెట్టాను. నార్వేలో పిల్లల క్రీడలకు రాసుకున్న నియమాలున్నాయి. పదకొండేళ్లు రాకముందు పాయింట్ల పట్టికలు, ర్యాంకులు పెట్టకూడదంటారు. ఇంగ్లండ్‌లో 2012లో పద్ధతి మార్చారు. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు ఐదుగురు, పదేళ్లలోపు ఏడుగురు, పన్నెండేళ్లలోపు తొమ్మిది మంది అన్నారు. మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కూడా 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ అని చిన్న జట్ల ఆటలు మొదలుపెట్టింది. ఎక్కడైనా ఉన్న కారణం ఒకటే. మైదానంలో బంతి ఒక్కటే ఉంటుంది. దాని వెనక ఇరవై ఇద్దరు పరిగెడితే ఒక్కో పిల్లవాడి వంతుకు ఎంత వస్తుంది, పదిమంది పరిగెడితే ఎంత వస్తుంది? దీనికి ఇంజనీరింగ్ అక్కర్లేదు, మూడో తరగతి భాగహారం చాలు. గోల్‌పోస్టు సంగతీ అంతే. పెద్దవాళ్లది 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. పదేళ్ల పిల్లవాడు దాంట్లో నిలబడితే తలుపుల్లేని ఇంటికి కాపలా పెట్టినట్టుంటుంది.

ఇవన్నీ చదివాక నాకు నవ్వొచ్చింది. ఇందులో సగం మనకు చిన్నప్పుడే తెలుసు! ఉద్దీలు పడటం గుర్తుందా? సమానంగా ఆడే ఇద్దరు జత కట్టి, దూరంగా వెళ్లి గుసగుసగా పేర్లు పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని కెప్టెన్ల దగ్గరికి వచ్చేవాళ్లు. ఉప్పు కావాలా, చింతపండు కావాలా? ఎవరు ఉప్పో, ఎవరు చింతపండో కెప్టెన్‌కు తెలియదు. అందువల్ల రెండు జట్లూ సమానంగా వచ్చేవి, పైగా ‘వీడు నాకొద్దు’ అని మొహం మీద అనే అవకాశమే ఉండేది కాదు. ఏ కమిటీ కూర్చుని రాసిన నియమమో తెలియదు గానీ, పంపు డిజైన్లలో కూడా ఇంత పొందికైనవి నేను తక్కువ చూశాను. ఆదివారాలు మా పిల్లలకు ఇప్పుడు అదే నేర్పాను. వాళ్లు ఉప్పు, చింతపండు అనరు. మెస్సీ కావాలా, రొనాల్డో కావాలా అంటారు.

మన పీఈటీ సార్ కూడా బడి జట్టు సంగతి ఎలా ఉన్నా, ఆటల పీరియడ్‌లో ఒక నియమం పెట్టేవారు. గోల్ కొట్టినవాడు వెంటనే వెళ్లి గోలీగా నిలబడాలి. బాగా ఆడేవాడు రెండో నిమిషంలోనే గోల్ కొట్టి కట్టేసినట్టు అక్కడ నిలబడేవాడు. అప్పుడు మాలాంటివాళ్లకు బంతి దొరికేది. ఆ రోజుల్లో అది శిక్ష అనుకునేవాళ్లం. సార్ ఇవాళ మన మధ్య లేరు. ఉంటే అడిగేవాణ్ని, ఆ ఉపాయం ఎక్కడిదని.

ఇలా అంటే నా బ్యాచ్ మిత్రుడొకడు నిన్న ఫోన్‌లో గయ్యిమన్నాడు. “అందరికీ సమానంగా పంచిపెడితే ఇక ఆటగాళ్లెలా తయారవుతార్రా? బయట ప్రపంచం ఇలాగే పంచుతుందా?” అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా తర్వాత చాలామందికి తెలిసింది. సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఆయనే. రహీం గారు బడి పంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లో పాఠాలు చెప్పినవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు. అలాంటి మనిషి పెట్టించిన పోటీలు ఎలాంటివో చూడండి. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. మరో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని తన దగ్గరే పెట్టుకుని నలుగురిని దాటుకుంటూ పోవడానికి వీల్లేదు, పక్కవాడికి ఇవ్వాల్సిందే. ఆ నియమాలతో మైదానంలోకి దిగితే బలమైనవాడు కూడా మళ్లీ మొదటి రోజు పిల్లవాడే అవుతాడు. కప్పు ఎవరు పట్టుకెళ్లారన్నది ఆయనకు అక్కడ ముఖ్యం కాదు, ఎవరు ఏం నేర్చుకున్నారన్నదే కావాలి. స్వర్ణాలు ఆ తోవలోనే వచ్చాయి.

ఆయన ఆటగాళ్లలో తులసీదాస్ బలరాం గారిది అమ్ముగూడ. మన నాచారం నుంచి ఈసీఐఎల్ మీదుగా వెళ్తే ఎంతో దూరం లేదు. బీద ఇంట పుట్టి, బూట్లు కొనలేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టే మనిషి చేత ఆటకు పనికొచ్చేలా చేయించుకున్నారని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ అమ్ముగూడ పిల్లవాడు ఇవాళ మన జూబ్లీ కప్ గేటు దగ్గరికి వస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆట నిబంధనల ప్రకారం కాళ్లకు బూట్లు, మేజోళ్లు, పిక్కలకు గార్డులు ఉండాలి. లేకపోతే బయటే. నిబంధన తప్పని అనను, బూటుకాలి కింద పడిన ఉత్తకాలు ఎలా నలుగుతుందో నేను కట్టు కట్టి చూశాను. బూట్లు ఎవరిస్తారన్నదే నా ప్రశ్న. ఇప్పుడు మన చుట్టుపక్కల గంట లెక్కన అద్దెకిచ్చే పచ్చటి టర్ఫులు చాలా వచ్చాయి. కట్టగలిగినవాళ్ల పిల్లలు అక్కడ ఆడతారు. మిగతావాళ్లకు బడి మైదానమే గతి. ఆ మైదానంలో కొత్త భవనం ఎంత తిన్నదో వచ్చేటప్పుడు మీరంతా చూసే ఉంటారు.

వయసు గురించి ఒక్కమాట. పదేళ్లలోపు అంటే జనవరి 1ని గీతగా పెట్టుకుని ఏడాదంతా పుట్టినవాళ్లను ఒకే గంపలో వేస్తాం. జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో అది జీవితంలో పదో వంతు. పెద్దవాడు పొడుగ్గా ఉంటాడు, గట్టిగా తన్నుతాడు, మనం ‘టాలెంట్’ అని వాణ్ని తీసుకుంటాం. చిన్నవాణ్ని బెంచీ మీద కూర్చోబెడతాం. ఇక మన తరం సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అమ్మ లెక్కలో నేను పుట్టింది 1970 మాఘమాసం. నా సర్టిఫికెట్‌లో 1969 జూన్ 1. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి అయిదేళ్లు నిండాలని హెడ్‌మాస్టరు గారు దయతో రాసిన తేదీ అది. ఈ హాల్లో జూన్‌లో పుట్టినవాళ్లు చేతులెత్తండి... చూశారా! ఇందరు జూన్‌లో పుట్టారంటే నమ్ముతారా ఎవరైనా? నేను కాగితం మీద ఎనిమిది నెలలు పెద్దవాణ్నై, నాకంటే నిజంగా పెద్దవాళ్లతో ఆడాల్సొచ్చింది. ఇప్పుడు జరిగే మోసం దీనికి తలకిందులు, పెద్దవాళ్లను చిన్నవాళ్లుగా చూపించి దించుతారు. అందుకే పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తున్నారు. కప్పు, పాతిక వేలు పెట్టినచోట ఆ దొంగతనం కూడా వెంటే వస్తుంది. ఏమీ పెట్టనిచోట ఎవరు చేస్తారు?

ఆడపిల్లల గురించి గురువులు మేడం గారు నాకంటే బాగా చెప్పగలరు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. మా ఆదివారం ఆటకు మాత్రం చాలాకాలం ఒక్క అమ్మాయీ రాలేదు. ఇంట్లో పంపరేమో అనుకుంటూ వచ్చాను. చివరికి ఒక తల్లి చెప్పింది, అక్కడ బాత్రూం ఉందా అని. లేదు. పక్క కమ్యూనిటీ హాలు తాళంచెవి అడిగి తీసుకున్నాక ముగ్గురు వచ్చారు, ఇప్పుడు ఏడుగురు. ఇంకొక అబ్బాయికి వినికిడి తక్కువ, విజిల్ వినపడదు. విజిల్‌తోపాటు ఎర్ర చేతిరుమాలు ఊపడం మొదలుపెట్టాం. ఖర్చు ముప్పై రూపాయలు.

బాగా ఆడే పిల్లల విషయంలో మాత్రం నాకు పూర్తిగా తేలలేదని ఒప్పుకుంటాను. మా దగ్గర ఒక పాప ఉంది, కాళ్లకు బంతి అంటించుకుని పుట్టినట్టు ఆడుతుంది. మిగతావాళ్లతో సమానంగా ఆ అమ్మాయినీ బయట కూర్చోబెడితే నా వైపు చూసే చూపు నేను భరించలేను. అది కూడా అన్యాయమే కదా! ప్రస్తుతానికి బుధ, శుక్రవారాలు పెద్ద పిల్లలతో ఆడిస్తున్నాను. ఇది సరైన పరిష్కారమో కాదో ఇంకో రెండేళ్లకు చెబుతాను.

ఇప్పుడు జూబ్లీ కప్. 16 జట్లు, జట్టుకు ఎనిమిది మంది, అంటే 128 మంది పిల్లలు. నాకౌట్ పెడితే మొదటి ఆటతోనే ఎనిమిది జట్లు, 64 మంది ఇంటికి. పొద్దున్నే లేచి, ఇస్త్రీ బట్టలేసుకుని, తాతయ్యను వెంటబెట్టుకుని వచ్చిన పిల్లవాడు ఎనిమిదిన్నరకల్లా ఆటోలో ఉంటాడు. వాడు ఆడకుండానే వెళ్లి ఉండొచ్చు కూడా.

నేను అడుగుతున్నది ఇది. నాలుగేసి జట్ల చొప్పున నాలుగు గుంపులు. ప్రతి జట్టుకూ మూడు ఆటలు ఖాయం. మొత్తం 24 ఆటలు. మన మైదానంలో భవనం తిన్నది పోగా మూడు చిన్న ఫీల్డులు పడతాయి, నిన్న టేపు పెట్టి కొలిచాను. జట్టుకు ఐదుగురు ఆడతారు. ఇంగ్లండ్‌వాళ్లు ఈ వయసుకు ఏడుగురన్నారు గానీ, మన మైదానం కొలతకు ఐదుగురే సరి. ఒక్కో ఆట నాలుగేసి నిమిషాల ఎనిమిది విడతలు. ప్రతి పిల్లవాడూ, ప్రతి పాపా సరిగ్గా ఐదు విడతలు ఆడాలి. ఎనిమిది మంది, ఐదు విడతలు, నలభై. ఐదు స్థానాలు, ఎనిమిది విడతలు, నలభై. లెక్క సరిపోయింది. అంటే ఒక్కొక్కరికి ఆటకు 20 నిమిషాలు. ఎవరు ఏ విడతలో ఆడతారో ముందే చార్టు రాసి బల్ల మీద పెడతాం. కోచ్‌లకు దాన్ని మార్చే అధికారం ఉండదు. కోచ్‌లంటే నాకు అనుమానం కాదు. 2018లో నేనే కోచ్‌ని, అందుకే అడుగుతున్నాను. నాలుగు గోల్స్ వెనకబడిన జట్టు ఇంకొకరిని అదనంగా దించుకోవచ్చు, ఆ అదనపు నిమిషాలు చార్టులోకి రావు. ఫైనల్ ఉండదు. పాతిక వేలతో చిన్న బంతులు, నాలుగో నంబరువి కొని ప్రతి బడికీ ఇద్దాం. మూడడుగుల కప్పు ఇప్పటికే ఆర్డరిచ్చేశామంటున్నారు కోశాధికారి గారు. మరేం ఫర్వాలేదు, 128 మందీ దాంతో ఫోటో దిగుతారు.

శని, ఆదివారాలు పొద్దున ఏడింటికి మొదలుపెడితే, రోజుకు పన్నెండు ఆటల చొప్పున పదింటిలోపు అయిపోతుంది. విడత విడతకూ గడియారం చూడటానికి, విజిల్ వేయడానికి పన్నెండు మంది కావాలి. ఫుట్‌బాల్ రానవసరం లేదు, నాలుగు నిమిషాలు చూడటం వస్తే చాలు. మా బ్యాచ్ నుంచి ఐదుగురు ఒప్పుకున్నారు. అందులో ఒకడు నిన్న ఫోన్‌లో గయ్యిమన్నవాడే.

చివరగా బూట్లు. మీ ఇళ్లలో పిల్లలకు చిన్నవైపోయిన ఆట బూట్లు, మేజోళ్లు, పిక్క గార్డులు ఏవున్నా కడిగి ఆరబెట్టి తెండి. బడి గేటు పక్కన వాచ్‌మన్ గదిలో పెద్ద అట్టపెట్టె పెట్టించాం. పోటీ ముందు శుక్రవారం దాకా ఉంటుంది. లేసులు ముడేసి జత విడిపోకుండా చూడండి. సైజు లోపల పెన్నుతో రాయండి. రెండు, మూడు నంబర్లవి ఎక్కువగా కావాలి.